‘ఏలూరెళ్ళాలి’: పరీక్ష అడిగేదెవరు?

ఈమధ్య మన కథల్లోకి ఒక కొత్త పాత్ర ప్రవేశించింది. దానికి సంభాషణ లేదు గాని, చివరి మాట దానిదే. అది డి.ఎన్‌.ఎ. రిపోర్టు. పూర్వం పుట్టుమచ్చా, పాత ఉత్తరమూ, మరణ వాంగ్మూలమూ చేసిన పని ఇప్పుడు లేబొరేటరీ కవరు చేస్తున్నది. ఆమదాలవలసలో మేం జరుపుకునే కథాపఠనాల్లోనే ఇటువంటి కథలు మూడు విన్నాను. మూడింటిలోనూ కవరు చింపగానే తండ్రెవరో తేలిపోతుంది, కథ ముగిసిపోతుంది. నా అభ్యంతరం ఈ ముగింపు మీదనే. ఆ కాగితం వల్ల ఎవరికి కూడు పోతుంది, ఎవరికి ఇల్లు దక్కుతుంది అన్న ప్రశ్న దగ్గర మన రచయితలు కలం మూసేస్తున్నారు.

వారూ, సాహిత్య విద్యార్థులూ చాసో కథ ‘ఏలూరెళ్ళాలి’ని ఈ దృష్టితో మళ్ళీ చదవాలని నా కోరిక. చాసో శ్రీకాకుళంలో పుట్టి, దత్తుడుగా విజయనగరం వెళ్ళి చాగంటి సోమయాజులు అయిన మనిషి. ఇంటిపేరు రక్తం వల్ల కాక చట్టం వల్ల వచ్చినవాడన్నమాట! కథ మీకు తెలిసినదే. ముసలి భర్త, వయసులో ఉన్న భార్య, ఒక కుర్రవాడు. ఆమెకు కొడుకు పుడతాడు. కొన్నేళ్ళకు రైల్లో ఆ ఇద్దరూ మళ్ళీ తారసపడతారు. కొడుకున్నాడు గనుకనే భర్త పోయినా ఆమె వీధిన పడలేదని అప్పుడు తెలుస్తుంది. దీన్ని సరసమైన కథగా చదివి చప్పరించేవారున్నారు. నాకది ఆస్తి కథ. 1937 చట్టం హిందూ విధవకు ఇచ్చింది బతికున్నన్నాళ్ళ అనుభవ హక్కు మాత్రమే. సంపూర్ణ హక్కు 1956 దాకా రాలేదు. అటువంటి వ్యవస్థలో కొడుకు అంటే ఆమెకు దస్తావేజు.

ఆ దస్తావేజుకు ముద్ర వేసింది 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షను. వివాహం అమలులో ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. గర్భం నిలిచే కాలంలో దంపతులు కలుసుకునే అవకాశమే లేదని రుజువైతే తప్ప చట్టం ఇంకో ప్రశ్న వెయ్యదు. తెల్లదొరల చట్టమే గాని, ఈ ఒక్కచోట అది పడకగది తలుపు దగ్గరికి వేసి బయట నిలబడింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ 116వ సెక్షనుగా అదే నిలిచింది.

ఇప్పుడు ఆ కథలోకి ఒక దాయాదినీ, ఒక దూదిపుల్లనూ తీసుకురండి. బిడ్డ జన్యువుల్లో సగం తల్లివి, సగం తండ్రివి. తల్లివి పక్కన పెట్టగా మిగిలినవి ఆ ముసలాయనవాళ్ళతో సరిపోకపోతే, తల్లీకొడుకుల కాళ్ళకింద నేల కదిలిపోతుంది.

విజ్ఞానాన్ని శంకించటం అభ్యుదయమా అని మిత్రులు అడగవచ్చు. మన దేశంలో కోర్టు మెట్లెక్కిన మొదటి పితృత్వ పరీక్ష చరిత్ర చూడండి. 1989లో కేరళలోని తెలిచ్చేరిలో ఒక తల్లి బిడ్డకు పోషణ కోరితే, హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ చేసిన పరీక్ష ఆమె పక్షాన నిలిచింది. 2012లో ఎన్‌.డి.తివారీ తన తండ్రి అని రోహిత్ శేఖర్ నిరూపించుకున్నదీ హైదరాబాదు పరీక్షతోనే. దావా పడిన 2008లో తివారీ మన రాష్ట్ర గవర్నరు. రాజభవనం తలుపులు తెరవలేని కొడుక్కి రక్తపుచుక్క తెరిచింది. ఆ విజ్ఞానానికి నమస్కారం.

కాని 1993 గౌతమ్ కుందూ కేసులో పరీక్ష అడిగినవాడు పోషణ ఎగ్గొట్టదలచిన భర్త. సుప్రీంకోర్టు కాదన్నది. 2014లో మరో కేసులో, పరీక్ష అప్పటికే జరిగి రిపోర్టు ఎదురుగా ఉన్నందున, చట్టపు ఊహకంటే శాస్త్రీయ సత్యమే ఎక్కువన్నది. తర్కానికి లోటులేని తీర్పే. అయితే ఆ సత్యానికి ఖరీదు చెల్లించినది ఆడపిల్ల. ఆ మనిషి నుంచి రావలసిన పోషణ ఆమెకు పోయింది. 2023 ఫిబ్రవరిలో అదే కోర్టు, తల్లిదండ్రుల తగాదాలో బిడ్డ జన్యు సమాచారాన్ని అలవోకగా బయటికి లాగరాదనీ, అది బిడ్డ గోప్యతకు సంబంధించిన హక్కనీ చెప్పింది. మన కథకులకంటే న్యాయమూర్తులే పిల్లవాణ్ణి ముందు చూశారనటానికి సిగ్గుగా ఉంది.

కోర్టు దాకా రాని పరీక్షల సంగతి వేరు. డి.ఎన్‌.ఎ. సాంకేతికతను నియంత్రించే బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చి 2023లో వెనక్కి పోయింది. డబ్బున్న అనుమానానికి ప్రైవేటు లేబొరేటరీ ఉండనే ఉంది.

కనుక పరీక్ష మంచిదా చెడ్డదా అని కథలో వాదించటం వృథా. అడిగేదెవరు, ఎవరి దేహం నుంచి, ఏ ఆస్తి కోసం? తెలిచ్చేరిలో అడిగింది తల్లి, ఢిల్లీలో కొడుకు. కుందూ కేసులో అడిగింది మగవాడి జేబు. ఈ తేడా తెలియని కథలో రిపోర్టు, తీర్పరి వేషం వేసుకున్న పాత కులపెద్దే.

నేను విన్న మూడు కథల్లో కొంచెం మెరుగైనదాంట్లో పదకొండేళ్ళ పిల్లవాడున్నాడు. నోరు తెరవమంటే తెరుస్తాడు. దూదిపుల్ల బుగ్గ లోపల తిప్పి తీసేస్తారు. ఆ తరువాత నాలుగు పేజీలు నడిచిన కథలో రచయిత వాడిచేత ఒక్క మాటైనా అనిపించలేదు. ఎందుకు తీశారని వాడు అడగడా?