బెల్లం, చక్కెర, బొగ్గు

చౌడేపల్లె, పుంగనూరు వైపు పిల్లలకు మూలకం, సంయోగ పదార్థం, మిశ్రమం పాఠం చెప్పాలంటే నేను బెల్లంతోనే మొదలుపెడతాను. ఇనుప రజను, గంధకం ప్రయోగం పుస్తకంలో ఎలాగూ ఉంటుంది. బెల్లం మన చిత్తూరు జిల్లాది. గానుగ దగ్గర చెరకు రసం కాగుతుంటే సున్నపు తేట పోసి తెట్టు తీయడం చూసిన పిల్లలు ఇంకా ఉన్నారు.

నిర్వచనాలు వాళ్లకు నోటికి వస్తాయి. చిక్కంతా కంటితోనే. ఒకే రంగులో, ఒకే రుచితో ఉంటే చాలు, సంయోగ పదార్థమే అనేస్తారు. ఉప్పునీళ్లయినా, పాలయినా, బెల్లమయినా అదే జవాబు. అందుకే ఒక్కటే అడుగుతాను: దీన్ని విడదీయాలంటే ఏం చేయాలి?

బెల్లంలో సుక్రోజుతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు, ఖనిజ లవణాలు, కాస్త తేమ ఉంటాయి. వాటి పాళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఒక పొయ్యి మీద దిగిన బెల్లం పక్క పొయ్యి బెల్లంలా ఉండదు. అది మిశ్రమం. రసాన్ని తేర్చి, సుక్రోజును స్ఫటికాలుగా తీస్తే చక్కెర. అది ఏ ఊరిదైనా 100 గ్రాముల్లో కార్బన్ 42 గ్రాములు, మిగతాది హైడ్రోజన్, ఆక్సిజన్. ఎంత కరిగించి వడగట్టినా ఇవి వేరు కావు.

వేరు కావాలంటే పరీక్షనాళికలో వేసి మాడ్చాలి (ఇది టీచరే చేయాలి). చక్కెర కరుగుతుంది, ఎర్రబడుతుంది, పొగలు కక్కి నల్లటి బొగ్గవుతుంది. నాళిక పై అంచున నీటి చెమ్మ. తెల్లటి తీపిలో ఈ నలుపు, ఈ నీళ్లు ఎక్కడివి? ఆ నీళ్లు చక్కెరలో తడిగా దాగినవి కావు, అందులోని హైడ్రోజన్, ఆక్సిజన్ అప్పుడు కలిస్తే పుట్టినవి. ఈ ఒక్క మాట అర్థం చేయించడానికి పీరియడంతా పట్టినా నాకు ఇష్టమే. పాఠానికి ప్రాణం అక్కడుంది.

కుప్పం పిల్లలకైతే బంగారం చెప్పాలి. వాళ్లకు దగ్గర్లోనే ఉండి 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల్లో టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది గ్రాముల్లోనే. రాయి మిశ్రమం, అందులోని బంగారం మూలకం. మెడలోని 22 క్యారెట్ల గొలుసు మళ్లీ మిశ్రమమే. 24 పాళ్లలో 22 బంగారం, తక్కినవి రాగి లాంటి వేరే లోహాలు.

ఇక చెరకు రసంలో పోసిన ఆ సున్నం. 1789లో లెవోయిజర్ రాసిన మూలకాల పట్టికలో సున్నం కూడా ఉంది. అప్పటికి దాన్ని విడదీసినవాళ్లు లేరు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో అందులోంచి కాల్షియం తీశాడు. ఇది విన్నాక ఎవరో ఒకరు బొగ్గును చూపించి, "ఇది కూడా ఎప్పుడో విడిపోతుందేమో కదా సార్?" అంటారు. మంచి ప్రశ్న. తూచి చూద్దాం అంటాను. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా కాలితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బరువు పెరిగిందంటే అది విడిపోలేదు, గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంది.