సూక్ష్మదర్శిని చెంత గురుపరంపర

మానవశరీరమునందు కాలేయము సుమారు కిలోన్నర బరువు గల మహావయవము. బయాప్సీ సూదితో దానినుండి తీయు తునక, మొత్తముతో పోల్చిచూచినచో, ఇంచుమించు 50,000వ వంతు మాత్రమే. ఆ అల్పాంశమును చూచి సమగ్రావయవపు స్థితిని నిర్ణయించు బాధ్యత జీర్ణమండల, కాలేయవ్యాధులయందు ప్రత్యేకకృషి చేసిన పెథాలజిస్టుది. రోగి ఆయన ముఖమెఱుగడు. రిపోర్టు అడుగునగల సంతకమును మాత్రమే చూచును. అయినను కడుపులోని పుండు కాన్సరా కాదా, పేగును కోయవలెనా వలదా, కాలేయము మందులతో కోలుకొనునా, మార్పిడియే శరణ్యమా అను ప్రశ్నలకు ఉత్తరము పెక్కుమార్లు ఆ సంతకముపైననే ఆధారపడియుండును. ఇంతటి అధికారము నొకరి చూపునకు అప్పగించినపుడు, ఆ చూపు ఎట్లు శిక్షితమైనది, ఏ కట్టుబాటునకు లోబడినది అని విచారించుట అవశ్యకర్తవ్యము.

ఈ విద్య గ్రంథములవలన కొంతయు, గురుసన్నిధివలన అధికముగను అలవడును. కాలేయవిషయమున దీని మూలపురుషులలో అగ్రగణ్యుడు హాన్స్ పాపర్. 1903లో వియన్నాలో జన్మించి, శవపరీక్షకు పేరెన్నికగన్న ఆ నగరపు వైద్యసంప్రదాయమున పెరిగి, 1938లో నాజీల ఆక్రమణ కారణముగా స్వదేశమును విడిచి, అమెరికా చేరి, తొలుత షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రియందును, 1957 మొదలు న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రియందును ఆయన పనిచేసెను. మృతుని కాలేయము వ్యాధి ముగిసిన తీరును తెలుపును. జీవించియున్నవాని కాలేయము వ్యాధి నడుచుచున్న తీరును తెలుపును. 1958లో ఇటలీ వైద్యుడు మెంఘీని, సూది కాలేయమునందు ఒక్క సెకను మాత్రమే నిలుచు పద్ధతిని ప్రచారమునకు తెచ్చిన పిదప ఈ రెండవ సాక్ష్యము విరివిగా లభింపజొచ్చెను. కణములందలి మార్పును రోగి లక్షణములతోను రక్తపరీక్షలతోను సమన్వయించి చూడవలెననునది పాపర్ చూపిన మార్గము.

పెద్దపేగు విషయమున ఇట్టి పరంపరనే లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రియందు కత్‌బర్ట్ డ్యూక్స్ నెలకొల్పెను. మలాశయపు కాన్సరు గోడలోనే నిలిచినదా, గోడను దాటినదా, లింఫు గ్రంథులకు ప్రాకినదా అను మూడు దశల విభాగమును ఆయన 1932లో ప్రకటించెను. శస్త్రచికిత్సకు పిమ్మట రోగి భవిష్యత్తు నంచనా వేయుటకు అది తరతరముల వైద్యులకు కొలబద్దయైనది. ఆయన వారసుడైన బాసిల్ మోర్సన్, పేగులోని నిరపాయమైన పాలిప్ కాలక్రమమున కాన్సరుగా పరిణమించు విధమును విశదపరచిన వారిలో ముఖ్యుడు. నేడు కొలనోస్కోపీలో కనబడిన పాలిప్‌ను తీసివేయు ఆచారమునకు ఈ జ్ఞానమే పునాది.

మన దేశమున ఈ త్రోవను పట్టదలచిన విద్యార్థి ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేండ్ల ఎంబీబీఎస్ ముగించి, పెథాలజీలో 3 ఏండ్ల ఎం.డి. పూర్తిచేసి, ఆపైన జీర్ణకోశ, కాలేయవ్యాధుల పెద్ద ఆసుపత్రులలో విశేషశిక్షణను పొందవలెను. అమెరికాలో 4 ఏండ్ల రెసిడెన్సీకి పిమ్మట ఒక యేడు ఫెలోషిప్ గలదు. శిక్షణ సూక్ష్మదర్శినితో గాక చేతిపనితో ఆరంభమగును. శస్త్రశాలనుండి వచ్చిన పేగును నిలువున తెఱచి, కడిగి, ఫార్మలిన్‌లో ఉంచి, కణితి కొలతలు వ్రాసి, కోసిన అంచులకు సిరా పూసి, కొవ్వులో దాగిన లింఫు గ్రంథులను వ్రేళ్లతో తడవి వెలికితీయవలెను. పెద్దపేగు కాన్సరునందు కనీసము 12 గ్రంథులను పరీక్షింపవలెననునది నియమము. వ్యాధి ప్రాకిన ఒక్క గ్రంథి కొవ్వులోనే మిగిలిపోయినచో, కీమోథెరపీ పొందవలసిన రోగి దానిని పొందకయే ఇంటికి మరలవచ్చును. ఈ శ్రమను నీచముగా తలచినవాడు ఈ శాస్త్రమునకు అర్హుడు గాడు.

తరువాత గాజుపలకల అధ్యయనము. పారఫిన్ మైనములో పొదిగిన తునకను మైక్రోటోముతో 3, 4 మైక్రానుల మందమున కోసి, రంగులద్ది, పలు కనుగొట్టములుగల సూక్ష్మదర్శిని క్రింద ఉంచుదురు. గురువు చూచు దృశ్యమునే శిష్యులును చూతురు. కాలేయపు తునక కనీసము 2 సెంటీమీటర్ల పొడవుండి, రక్తనాళములును పిత్తనాళములును కూడియుండు పోర్టల్ మండలములను 11 అయినను కలిగియుండవలెనని నిపుణులు కోరుదురు. మొదట తక్కువ పెంపుతో నిర్మాణము చెదరినదా లేదా చూడవలెను. పిదప పోర్టల్ మండలములు, పిత్తనాళములు, కణములు. రెటిక్యులిన్ రంగు కణములను నిలబెట్టు సన్నని జాలమును నల్లగా చూపి, అది ఎక్కడ కూలినదో తెలుపును. ట్రైక్రోమ్ మచ్చకట్టిన తంతువులను, పెర్ల్స్ రంగు పేరుకొన్న ఇనుమును నీలముగా చూపును. ఆర్సీన్ హెపటైటిస్ బి జాడను, నిలిచిపోయిన రాగిని పట్టియిచ్చును. పెక్కురు ఆచార్యులు విధించు నియమ మొకటి గలదు: రోగచరిత్రను చదువకముందే ఒకసారి చూడుము, చదివిన పిదప మఱల చూడుము. మొదటి చూపు ముందస్తు అభిప్రాయమునుండి కాపాడును; రెండవది అజ్ఞానమునుండి కాపాడును.

ఈ రెండును ఎంత అవసరమో చరిత్రయే చెప్పుచున్నది. ఆమ్లపూరితమైన జఠరమున బాక్టీరియా నివసింపజాలదని వైద్యలోకము నమ్మియున్న కాలమున, 1979లో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు పెథాలజిస్టు రాబిన్ వారెన్ జఠరపు బయాప్సీలలో వంపు తిరిగిన సూక్ష్మజీవులను గాంచెను. ఇంచుమించు సగముమంది రోగులలో అవి ఉండుటయు, అవి ఉన్నచోటనే వాపు ఉండుటయు ఆయన గుర్తించెను. వైద్యుడు బారీ మార్షల్ తోడు కాగా 1982లో వానిని ప్రయోగశాలలో పెంచగలిగిరి. 2005లో వారిరువురికి నోబెల్ బహుమానము లభించెను. జీవితాంతము బాధించు కడుపుపుండు కొలదివారముల మందులతో నయమగుట, కంటికి కనబడినదానిని గ్రంథములందు లేదని త్రోసిపుచ్చని ఒక పెథాలజిస్టు నిజాయితీ ఫలము. ఇక రెండవ చూపునకు తార్కాణము 1980 నాటిది. మద్యపానమువలన కలుగు కాలేయపు వాపును పోలిన రూపమునే, మద్యము ముట్టనివారి కాలేయములయందును గుర్తించి, మేయో క్లినిక్‌కు చెందిన యూర్గెన్ లుడ్విగ్ బృందము దానిని వేఱు వ్యాధిగా వర్ణించెను. రోగి మాటను నమ్మి విచారింపనిచో, తాగనివానిని తాగుబోతుగా ముద్రవేయు పాపము సూక్ష్మదర్శినికి అంటియుండెడిది.

ఒక్క కన్ను ఎంత నిశితమైనను ఒంటరిగా చాలదు. 1968లో జ్యూరిక్‌లో సమావేశమైన ఐరోపా, అమెరికా కాలేయనిపుణుల బృందము దీర్ఘకాలిక హెపటైటిస్‌ను రూపమునుబట్టి వర్గీకరించెను. 1989లో హెపటైటిస్ సి వైరసు బయల్పడిన పిదప కారణమును విడిచి రూపమునే పట్టుకొనుట చాలదని తేలెను. 1994లో ఆ వర్గీకరణమును విడనాడి, కారణమును, వాపు తీవ్రతను, మచ్చకట్టిన దశను వేర్వేఱుగా వ్రాయవలెనని ప్రతిపాదించినవారిలో, మొదటి బృందమునకు చెందిన డెస్మెట్, షాయర్ కూడ ఉండిరి. తాము కట్టిన కట్టడమును తామే విప్పి, మేలైనదానిని నిర్మించుటకంటె విద్వాంసునకు శోభనిచ్చు కార్యమేది?

నిత్యవృత్తియందును ఒంటరి చూపును నమ్మకుండుటయే ధర్మము. ఆరంభదశలోని కాన్సరు పూర్వపుమార్పు వంటి సందిగ్ధమును మరియొకరికి చూపి సంతకము చేయుదురు. అర్ధరాత్రి దాత కాలేయము వచ్చినపుడు మాత్రము, తునకను గడ్డకట్టించి కోసి, పెద్ద కొవ్వుబిందువులెంత శాతము గలవో కొలదినిమిషములలో చెప్పవలెను. ఎక్కువ చెప్పినచో ఒకరికి ప్రాణమీయగల అవయవము వ్యర్థమగును. తక్కువ చెప్పినచో పనిచేయని కాలేయము రోగి దేహమున చేరును. ఆ నిమిషములకొఱకే అన్నేండ్ల అభ్యాసము.

కావున ఈ విద్య విలువ పేరు పెట్టు వేగమున లేదు. తెలిసినదానిని నిశ్చయముగను, తెలియనిదానిని తెలియదనియు వ్రాయు నిగ్రహమున గలదు. గాజుపలకల చిత్రములను యంత్రములు పరిశీలించు ఈ దినములలో ఆ నిగ్రహమును నేర్పు గురుసన్నిధిని వైద్యకళాశాలలు మఱింత శ్రద్ధతో కాపాడుకొనవలెను. ‘ఈ తునక చాలదు, మఱల తీయవలెను’ అని పెథాలజిస్టు వ్రాసినపుడు, చికిత్సకులు దానిని చేతకానితనముగా గాక, రోగిని పొరపాటు చికిత్సనుండి తప్పించిన తీర్పుగా గౌరవింపవలెను.