అడ్డదారి లేని పరుగు

స్టేడియం విడిచి గడ్డి మీదుగా, మట్టి మీదుగా, ఎత్తుపల్లాల మీదుగా సాగే పరుగు పందేన్ని క్రాస్ కంట్రీ అంటారు. ట్రాకు మీద గీతలు ఏడాది పొడవునా ఉంటాయి. క్రాస్ కంట్రీలో మాత్రం గీత పందెం నాటి ఉదయం పుడుతుంది, పందెం అయ్యాక మాసిపోతుంది. ఆ ఒక్కపూట గీతకు కట్టుబడి పరుగెత్తడమే ఈ క్రీడకు ప్రాణం. దాన్ని విడిచి దూరం తగ్గించుకున్నవాడు అందరికంటే ముందు వచ్చినా ఫలితాల జాబితాలో అతని పేరు ఉండదు.

ఈ పరుగు ఇంగ్లండ్ బడిపిల్లల ఆటలో మొదలైంది. ఒకరిద్దరు కుందేళ్ళుగా ముందు పరుగెడుతూ కాగితం ముక్కలు చల్లితే, మిగిలినవాళ్ళు వేటకుక్కల్లా ఆ జాడ పట్టి తరిమేవారు. 1876లో లండన్ దగ్గరి ఎప్పింగ్ అడవిలో తొలి జాతీయ పోటీ పెడితే, బరిలో దిగిన 32 మందీ దారి తప్పారు. పందెం చెల్లదని ప్రకటించి, 1877లో మళ్ళీ నిర్వహించారు. క్రాస్ కంట్రీ నేర్చుకున్న మొదటి పాఠం వేగం గురించి కాదు, దారి గురించి. 1903లో అంతర్జాతీయ పోటీలు, 1938లో అమెరికా కాలేజీల జాతీయ పోటీలు, 1973లో బెల్జియంలోని వేర్‌గెమ్‌లో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. ఒలింపిక్స్‌లో 1912, 1920, 1924లలో మాత్రమే ఈ పరుగు ఉంది. 1924 పారిస్ ఎండలో 38 మంది బయలుదేరితే 15 మందే చివరిదాకా వచ్చారు. ఆ మంటలో గెలిచినవాడు ఫిన్లండ్ వీరుడు పావో నుర్మి.

తెలుగు నేల మీద ఈ పరుగుకు సీలేరు కొండలను మించిన బడి లేదు. చింతపల్లి దాటి ధారకొండ మీదుగా సీలేరు చేరే దారి పొడవునా ఎక్కుడూ దిగుడే. ఇక్కడి పిల్లలకు కొండ ఎక్కడం సాధన కిందికి రాదు. బడికి, గెడ్డకు (వాగుకు), సంతకు వెళ్ళడమంటేనే కొండ ఎక్కి దిగడం. ఘాట్ రోడ్డు మలుపు మీద మలుపు తిరిగే చోట కాలిబాట నేరుగా పైకెక్కుతుంది. భుజాన కావిడితో సంతకు పోయే మనిషికి ఆ అడ్డదారి తెలియడం తెలివి, తాతల నాటి ఆస్తి. కానీ ఈ కొండల పిల్లవాడు చింతపల్లికో పాడేరుకో అరకుకో డిగ్రీ చదువుకు వెళ్ళి, కాలేజీ తరఫున పందెంలో నిలబడినప్పుడు ఆ తెలివినే పక్కన పెట్టాలి. సంత దారిలో చేరడం ముఖ్యం, పందెంలో నడిచిన దారి ముఖ్యం. ఈ తేడాను ముందే విడమరచి చెప్పడం వ్యాయామ ఉపాధ్యాయుడి మొదటి బాధ్యత.

నిబంధనలు దారి తయారీతోనే మొదలవుతాయి. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ సాంకేతిక నిబంధనల్లో 56వది క్రాస్ కంట్రీకి చెందినది. దాని ప్రకారం దారి ఆరుబయటో చెట్ల నడుమో ఉండాలి, వీలైనంత మేర గడ్డి పరుచుకుని ఉండాలి, సహజమైన అడ్డంకులు ఉండాలి. ఒక చుట్టు 1500 నుంచి 2000 మీటర్లు. లోతైన గోతులు, ప్రమాదకరమైన నిట్టదిగుడులు, దట్టమైన పొదలు పనికిరావు. గుంపు విడిపోయేదాకా తొలి భాగంలో ఇరుకు సందులు ఉండకూడదు. ప్రపంచ పోటీల్లో పురుషులకూ మహిళలకూ 10 కిలోమీటర్లు, 20 ఏళ్ళలోపు యువకులకు 8, యువతులకు 6. ఏ రెండు దారులూ ఒకలా ఉండవు కాబట్టి ఈ పరుగులో ప్రపంచ రికార్డులు నమోదు చేయరు. గడియారంతో పేచీ లేదు, గెలుపంతా పక్కవాడితోనూ నేలతోనూ తేల్చుకోవాలి.

దారి గీయడం ఒక విద్య. దారికి రెండు వైపులా టేపు కట్టాలని నిబంధన చెబుతుంది, ఎక్కడ గట్టిగా కట్టాలో అనుభవమే చెబుతుంది. అలసిన మనిషి ప్రతి మలుపులోనూ లోపలి అంచుకే ఒరుగుతాడు. అందుకని మలుపు కొస దగ్గరే కర్ర పాతాలి. కర్ర రెండడుగులు వెనక ఉంటే ఆ రెండడుగులనూ గుంపంతా తొక్కేస్తుంది. రోడ్డు పరుగుల్లో దూరాన్ని మనిషి పరుగెత్తగల అతి దగ్గరి గీత వెంబడే కొలుస్తారు. కొండ మీద కొలిచేవాళ్ళకూ అదే బుద్ధి ఉండాలి. గెడ్డ దాటే చోట దారి విశాలంగా ఉంటే నలుగురు నాలుగు రాళ్ళ మీదుగా దాటుతారు, ఇరుకైతే తోపులాట పుడుతుంది. ఏ చెట్టు చాటున దారి రెండుగా చీలినట్టు కనిపిస్తుందో, ఏ పశువుల బాట అసలు దారిలా భ్రమ పెడుతుందో పరుగెత్తేవాడి కంటే ముందు దారి గీసేవాడు కనిపెట్టాలి. అమెరికా కాలేజీ పందేల్లో దీనికి చక్కటి పద్ధతి ఉంది. ఎర్ర జెండా కనిపిస్తే ఎడమకు, పసుపు జెండాకు కుడికి, నీలం జెండాకు నేరుగా సాగాలి. ఊపిరి అందని వేళ బోర్డు మీది అక్షరాలు చదవలేని కంటికి కూడా రంగు దారి చెబుతుంది.

అనర్హత నిబంధన మాటల్లో చిన్నది, అర్థంలో నిక్కచ్చిది. పరుగెత్తేవారు గుర్తులు పెట్టిన దారిని విడిచి, ఆ విడవడం వల్ల పరుగెత్తవలసిన దూరం తగ్గిందని న్యాయనిర్ణేత నివేదిక వల్లగానీ, అంపైరు నివేదిక వల్లగానీ, మరే విధంగాగానీ రెఫరీకి నమ్మకం కుదిరితే వారిని తొలగించాలి. ఇందులో దారి విడవడం, దూరం తగ్గడం అనే రెండు షరతులు కలిసి ఉన్నాయి. కాలు జారి టేపు బయట పడి, దారి విడిచినచోటికే తిరిగి వచ్చి సాగినవాడు దూరం తగ్గించుకోలేదు, నిజానికి పెంచుకున్నాడు. దారి తప్పి వంద మీటర్లు పోయి, పొరపాటు తెలిసి, తప్పినచోటికే వెనక్కి వచ్చినవాడికీ అంతే. అదే మనిషి వెనక్కి రాకుండా అడ్డంగా కోసి ముందున్న గుంపులో కలిస్తే అది దూరం తగ్గించడమే. ఉద్దేశం ఏమిటని నిబంధన అడగదు. మోసమైనా పొరపాటైనా తగ్గిన దూరం తగ్గినదే.

అందుకే దారి చూపేవాళ్ళ పొరపాటు పరుగెత్తేవాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. 2013లో ఇంగ్లండ్‌లోని సండర్లండ్ మారథాన్‌లో రెండో, మూడో స్థానాల్లో ఉన్నవాళ్ళు తప్పుదారి పట్టారు. వెనక వస్తున్న సుమారు 5 వేల మంది వాళ్ళ వెంటే పోయారు. విజేత తప్ప అందరూ 264 మీటర్లు తక్కువ పరుగెత్తారని తేలింది. నెలల తరబడి చేసిన సాధన ఒక్క మలుపు దగ్గర సరైన మనిషి లేక మట్టిపాలైంది. కావాలని చేసే మోసం దీనికి పూర్తిగా వేరు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథాన్‌లో ఫ్రెడ్ లోర్జ్ కొంత దూరం కారులో వచ్చి ముందుగా గీత దాటాడు, బండారం బయటపడి తొలగింపుకు గురయ్యాడు.

భారతీయులు మరచిపోలేని గాయం 2018 జకార్తా ఆసియా క్రీడల్లోది. 10,000 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన తమిళనాడు వీరుడు గోవిందన్ లక్ష్మణన్ అడుగు ట్రాకు లోపలి అంచు దాటి పడిందని అధికారులు తేల్చారు, పతకం చేజారింది. ఆ అడుగు వల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదని బాధపడనివారు లేరు. అయినా లోపలి గీత ఉన్నది దూరాన్ని కాపాడటానికే. ట్రాకు మీద ఆ పని చేసేది లోపలి అంచు, కొండ మీద టేపు.

దారి విడవకపోయినా అనర్హత తెచ్చే తప్పులున్నాయి. ఎదుటివాణ్ణి తోసి దారికి అడ్డుపడటం ఒకటి. పందెంలో లేనివాళ్ళు పక్కన పరుగెడుతూ ఊతమివ్వడం మరొకటి. ఒకరి చెస్ట్ నంబరు మరొకరు తగిలించుకోవడం ఇంకొకటి. బయటివారి చేతి సాయం అందుకోవడం కూడా తప్పే. 2023లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ ప్రపంచ పోటీల్లో ఇథియోపియా పరుగుల రాణి లెటెసెన్‌బెట్ గిడే ముగింపు గీత కనిపిస్తుండగా కుప్పకూలింది. వెనక వస్తున్న బియాట్రిస్ చెబెట్ దాటిపోయి గెలిచింది. గిడేను లేపడానికి బయటివారు సాయపడటంతో ఆమెను తొలగించారు. చూసినవారి గుండె తరుక్కుపోయినా నిబంధన నిలబడింది. బూట్ల విషయంలో మాత్రం నిబంధన ఉదారమైనది. ఒట్టి కాళ్ళతో పరుగెత్తినా, ఒక్క కాలికే బూటు తొడిగినా తప్పు లేదు. కొండపిల్లలను బూట్లు లేవని వెనక్కి పంపే హక్కు ఎవరికీ లేదు.

తీర్పు ఇచ్చే పద్ధతికీ ఒక వరుస ఉంది. అంపైరు తప్పు చూడగానే పసుపు జెండా ఎత్తి, చూసినది రెఫరీకి నివేదిస్తారు. తొలగించే అధికారం అంపైరుకు లేదు, అది రెఫరీది. ఫలితం ప్రకటించిన 30 నిమిషాల్లోగా అభ్యంతరం చెప్పవచ్చు. ముందు నోటిమాటగా రెఫరీకి, ఆ తర్వాత రాతపూర్వకంగా అప్పీలు జ్యూరీకి. ఈ అరగంట సంగతి తెలియక కొండల నుంచి వచ్చిన జట్లు న్యాయం కోల్పోకూడదు. ప్రతి కాలేజీ జట్టు వెంట ఈ నిబంధన చదివిన మనిషి ఒకరుండాలి.

ఒకరి తప్పు జట్టునంతా ముంచుతుంది. క్రాస్ కంట్రీలో స్థానాలే పాయింట్లు, తక్కువ వచ్చిన జట్టే విజేత. అమెరికా కాలేజీల్లో ఏడుగురు పరుగెడితే మొదటి ఐదుగురి స్థానాలు కలుపుతారు. మొదటి ఐదు స్థానాలూ ఒకే జట్టువైతే 15, అంతకు మించిన విజయం లేదు. ప్రపంచ పోటీల్లో ఆరుగురిలో నలుగురిని లెక్కిస్తారు. మూడో స్థానంలో వచ్చినవాణ్ణి తొలగిస్తే వెనకున్నవాళ్ళందరూ ఒక్కో మెట్టు పైకి జరుగుతారు, అతని జట్టుకు ఎక్కడో వెనక వచ్చినవాడి స్థానం లెక్కలోకి వస్తుంది. ఒక మలుపులో మిగిల్చుకున్న పది అడుగులు తోటివాళ్ళ ఏడాది కష్టాన్ని తినేస్తాయి.

ఈ విద్యలో మహానుభావుల పరుగు చూస్తే గీతకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. కెన్యాకు చెందిన జాన్ ఎన్‌గుగి ఐదుసార్లు ప్రపంచ విజేత. పాల్ టెర్గాట్ 1995 నుంచి 1999 వరకు వరుసగా ఐదేళ్ళు కిరీటం వదల్లేదు. ఇథియోపియా వీరుడు కెనెనిసా బెకెలె 2002 నుంచి 2006 వరకు ఏటా చిన్న దూరం, పెద్ద దూరం రెండూ గెలిచాడు. 2008లో ఎడిన్‌బరోలో గుంపులో అతని బూటు ఊడింది. ఆగి, బూటు తొడుక్కుని, అందరినీ దారిలోనే ఒక్కొక్కరిగా దాటి సీనియర్ విభాగంలో పదకొండో వ్యక్తిగత బంగారు పతకం గెలిచాడు. పోగొట్టుకున్న కాలాన్ని కాళ్ళతోనే తిరిగి సంపాదించాడు. అంతకు మించిన ఘనకార్యం 2012 డిసెంబరులో స్పెయిన్‌లోని బుర్లాడాలో జరిగింది. ముందున్న ఒలింపిక్ పతక విజేత ఏబెల్ ముటాయ్, పందెం అయిపోయిందనుకుని గీతకు ముందే ఆగిపోయాడు. వెనక వస్తున్న ఇవాన్ ఫెర్నాండెజ్ అనాయా అతన్ని దాటలేదు, సైగలతో గీత దాకా పంపి తాను రెండో స్థానం తీసుకున్నాడు. దాటిపోయినా ఏ నిబంధనా అతన్ని తప్పుపట్టేది కాదు. ఈ క్రీడ కన్న నిజమైన బిడ్డ అతనే.

ఇంతటి విద్యను ఇవాళ నకళ్ళు మింగేస్తున్నాయి. మైదానంలో పాతిక చుట్లు తిప్పి, లేదా తారురోడ్డు మీద పోయి రమ్మని, పైన క్రాస్ కంట్రీ అని బ్యానరు కడితే అది క్రాస్ కంట్రీ అయిపోదు. గడ్డి లేదు, ఎక్కుడు లేదు, గెడ్డ లేదు, మలుపు దగ్గర మనిషి లేడు. నాలుగు జెండాలు పాతి, సగం దారిని పిల్లల నిజాయితీకి వదిలేసి, చివర దూరం తేడా వచ్చిందని పిల్లలనే దొంగలనడం ఘోరమైన అన్యాయం. అడ్డదారి తొక్కినవాడిది ఎంత తప్పో, అడ్డదారి తెరిచి ఉంచినవాడిదీ అంతే తప్పు. కాపలా లేని పందెంలో నిజాయితీగా నిండు దూరం పరుగెత్తిన పిల్లే ఓడిపోతుంది, ఆ పిల్ల మరుసటి ఏడాది పరుగుకు రాదు. ఈ కొండల నీటి ఉరవడిని అంగుళం అంగుళం కొలిచి ఎగువ సీలేరులో 240 మెగావాట్ల కరెంటు తీసిన రాష్ట్రం, ఇక్కడి కాళ్ళ ఉరవడిని కొలవడానికి ఒక సరైన దారి గీయలేదు.

అందుకు కావలసింది పెద్ద ఖర్చు కాదు. స్టేడియం అక్కర్లేదు, సింథటిక్ ట్రాకు అక్కర్లేదు. రెండు కిలోమీటర్ల చుట్టు, దాన్ని కొలిచే చక్రం, టేపు, కర్రలు, సున్నం, మూడు రంగుల జెండాలు చాలు. పందేనికి ముందురోజు జట్లన్నిటినీ దారి వెంబడి ఒకసారి నడిపించాలి. ప్రతి చాటు మలుపులోనూ నిబంధన తెలిసిన అంపైరు నిలబడాలి, ఆ ఊరి దారులు తెలిసిన మనిషి ఒకరు ఆయనకు తోడుండాలి. పశువుల బాట ఎటు పోతుందో స్థానికులకు తెలిసినట్టు పట్నం అధికారికి తెలియదు. విశ్వవిద్యాలయాలు ఏటా ఒక్క కాలేజీ పోటీనైనా ఇలాంటి దారి మీద పెడితే, కొండపిల్లలు తమ నేల మీద తమ కాళ్ళ బలం చూపుతారు. చివరి స్థానంలో వస్తున్నవారు తన మలుపు దాటేదాకా అంపైరు అక్కడి నుంచి కదలకూడదు. ఆ చివరివారు పరుగెత్తే దూరం కూడా విజేత పరుగెత్తినంతే ఉండాలి.