రాజరాజుదే విషాదము

మా నల్లపాటి కళ్లములలో మిరపకాయ యెండు ఫాల్గుణపు రాత్రులందు పద్యనాటకములు చూచుచు పెరిగిన నాకు, సారంగధర కథలో నాయకుడెవ్వడను సందేహము చిరకాలము వదలలేదు. పావురమును వెదకుచు సవతితల్లి చిత్రాంగి మేడకేగి, ఆమె కోర్కెను నిరాకరించి, ఆమె మోపిన నిందచే కాలుసేతులు కోల్పోయిన రాకుమారుడే నాయకుడని యందఱి తలంపు. నటులును ఆ వేషమునకే పోటీపడుదురు.

అరిస్టాటిల్ కావ్యశాస్త్రము నాకు వేఱుదారి చూపినది. కేవల సాధువు కూలుట చూచిన ప్రేక్షకునకు కరుణాభయములు గాక యేవగింపే పుట్టుననియు, మహాపుణ్యుడును దుష్టుడును గాక యున్నతపదమందుండి యొక పొరపాటుచే పతితుడగువాడే విషాదమునకు తగిన పాత్రమనియు ఆయన మతము. విచారణ లేక కన్నకొడుకునకు శిక్ష విధించిన రాజరాజనరేంద్రుడు గాక ఆ పాత్రము మఱెవ్వరు? ఆయన సత్యమెఱుగువేళకు ఆజ్ఞ నెఱవేఱియుండును.

క్రీ.పూ. 428లో ఏథెన్సున ప్రదర్శితమైన యూరిపిడీస్ 'హిప్పోలిటస్' దీనికి తోబుట్టువు. సవతితల్లి ఫీడ్రా మరణలేఖను నమ్మి థీసియస్ కుమారుని శపించును. రథభంగమును వార్తాహరుడు వచ్చి చెప్పును గాని రంగముపై చూపరు. మరణమును రంగమున చూపరాదను మన ప్రాచీనుల నియమమును ఇట్టిదే.

సిద్ధుని కృపచే అవయవములు మరలవచ్చు పూర్వకథను కాదని, బళ్లారి న్యాయవాది ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) 'విషాద సారంగధర'ను దుఃఖాంతముగనే నడిపిరి. సంస్కృతనాటకసంప్రదాయము మంగళాంతమునే కోరుచుండగా అది యెంతటి సాహసము!

అరిస్టాటిల్ చెప్పిన యాఱంగములలో ఇతివృత్తము ప్రథమము; శీలము, భావము, వాక్కు దాని వెనుక; గానము అలంకారములలో శ్రేష్ఠము; దృశ్యము కళకు మిక్కిలి దూరము. మన రంగమున గానమే సింహాసనమెక్కినది. పద్యమును నేను ప్రేమింతును. హార్మోనియము శ్రుతి వినబడినచో నేటికిని నిలిచిపోదును. కాని రాజు శిక్ష పలికినంతనే 'వన్స్‌మోర్' కేకలు లేచి, నటుడు రాగము తీసి మరల పాడినచో, తిరిగి తీసికొనరాని యాజ్ఞ రెండుమాఱులు జారీయైనట్లగును. కథ యక్కడనే చచ్చును.

కావున సమాజములవారికి నా మనవి యిది: రాజరాజు వేషమును మీలో పరిణతుడైన నటునకిండు, శిక్షావాక్యమును రాగము లేక వచనముగ పలికింపుడు, ఆ వాక్యమునకును సత్యప్రకటనమునకును నడుమ హాస్యఘట్టము నొక్కదానినైన చొప్పింపకుడు.