‘ఏమీ లేదు కాని బాగుంది’: ‘పెళ్ళి చూపులు’ ప్రేక్షకుల మెచ్చుకోలు

2016 జులై 29న విడుదలైన ‘పెళ్ళి చూపులు’ సినిమాను గురించి ప్రేక్షకులు అన్న మాటల్ని ఒకచోట చేర్చి చూస్తే, వాటిలో చాలా భాగం ‘లేదు’తో ముగుస్తాయి. ఫైట్లు లేవు. బూతు లేదు. హీరో తొడ కొట్టడం లేదు. చెవులు చిల్లులు పడే మోత లేదు. చివరకు ‘కథంటూ పెద్దగా ఏమీ లేదు కాని బాగుంది’ అన్నవాళ్ళూ ఉన్నారు. ఒక కళారూపాన్ని అందులో లేనివాటిని లెక్కపెట్టి మెచ్చుకోవడం విచిత్రంగా కనిపిస్తుంది. అయితే ఈ విచిత్రం వెనక ఒక సామాజికానుభవం ఉంది.

ప్రేక్షకుడి అభిప్రాయం విషయంలో మన విమర్శకుల్లో రెండు అలవాట్లు పాతుకుపోయాయి. జనం మెచ్చారు గనక మంచి సినిమా అనడం ఒకటి. తేలిక వినోదం గనక మధ్యతరగతి కాలక్షేపమని కొట్టిపారెయ్యడం రెండోది. ఈ రెండు సందర్భాల్లోనూ ప్రేక్షకుడు నోరు తెరిచి ఏమన్నాడో వినే ఓపిక కనిపించదు. ‘లేదు’ అనే మాటను కాస్త ఆగి వింటే అది మెచ్చుకోలు రూపంలో ఉన్న ఫిర్యాదని తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా తనమీద రుద్దినవాటి జాబితాను అతను ఏకరువు పెడుతున్నాడు. ‘జనం కోరేదే మేం ఇస్తున్నాం’ అని పెద్ద సినిమాల నిర్మాతలు ఎప్పుడూ చెప్పే సమర్థనకు ఇంతకంటే సూటి జవాబు ఏ విమర్శకుడూ రాయలేదు. షార్ట్ ఫిల్ములనుంచి వచ్చిన తరుణ్ భాస్కర్‌కు ఇది మొదటి సినిమా. విజయ్ దేవరకొండ, రీతూ వర్మ అప్పటికి టిక్కెట్లు తెంపించే పేర్లు కావు. సంభాషణల్ని స్టూడియోలో మళ్ళీ చెప్పించకుండా చిత్రీకరణ జరిగినచోటే రికార్డు చేశారు. పాత్రలు తడబడుతూ, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ మాట్లాడతాయి. జనం ఆ మాటల్ని విన్నారు, నవ్వారు, ఇంకొకరికి చెప్పారు.

ఈ ‘చెప్పడం’ దగ్గర ఒక సంగతి గమనించాలి. ఇది స్వతంత్ర చిత్రమన్నారు. తియ్యడంలో స్వతంత్రమే. కాని థియేటరు దాకా రావడానికి డి. సురేష్‌బాబు వంటి పెద్ద నిర్మాత సమర్పణ అవసరమైంది. తలుపు దాటాక దాన్ని మోసింది ప్రేక్షకుల నోటిమాట. గోడలనిండా పోస్టర్లకు డబ్బు లేని సినిమాకు ప్రేక్షకుడి అభిప్రాయం జీతం అడగని ప్రచారోద్యోగి అయింది. ఆ నోటిమాట ఎంత బలమైందో చూసిన పెద్ద సంస్థలు తర్వాత చిన్న సినిమాలకు ముందస్తు ఆటలు వేసి, బయటికొచ్చేవాళ్ళ మాటల్ని కెమెరాలతో పట్టుకుని, వాటినే ప్రకటనలుగా వాడటం నేర్చుకున్నాయి. ఫిర్యాదుగా పుట్టిన మాట సరుకైంది.

ప్రేక్షకుల మాటల్లో ‘లేదు’ కానిది ఒకటుంది: ‘మా ఇంట్లో జరిగినట్టే ఉంది.’ ఇది జాగ్రత్తగా పరిశీలించవలసిన మాట. ప్రశాంత్ ఇంజనీరింగ్ అయిందనిపించి ఖాళీగా ఉన్న కుర్రాడు. అతనికి వంటంటే ఇష్టం. చిత్రకు సొంత వ్యాపారం పెట్టాలని పట్టుదల. ఆడపిల్ల వ్యాపారాన్ని నమ్మని తండ్రి ఆమెకున్నాడు. పెళ్ళిచూపుల్లో ఇద్దరూ ఒక గదిలో మాట్లాడుకుంటూండగా తలుపు బిగుసుకుపోతుంది. బయట పెద్దలు తలుపుతో కుస్తీ పడుతూంటే, లోపల వీళ్ళు తమ పాత ఓటములు చెప్పుకుంటారు. తీరా తలుపు తెరుచుకున్నాక తెలిసేదేమిటంటే, అబ్బాయి తరఫువాళ్ళు రావలసిన ఇల్లే అది కాదు.

ఈ సన్నివేశం నిజంగా బాగుంది. కొత్తవాళ్ళిద్దరు మనుషుల్లా మాట్లాడుకోవడానికి తలుపు చెడిపోవలసి వచ్చిందన్నది దానిలోని వ్యంగ్యం. దర్శకుడు దాన్ని ఎక్కడా నొక్కి చెప్పలేదు. కాని తర్వాత ఏమవుతుంది? ప్రశాంత్ సరైన ఇంటికి వెళ్తాడు. అక్కడ డబ్బున్న మామ కాబోయే అల్లుడి సత్తాకు పరీక్ష పెడతాడు. ఇల్లు మారింది, బేరం మారలేదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అర్ధశతాబ్దం దాటాక కూడా తండ్రి తన కొడుకు నిరుద్యోగానికి పెళ్ళిని మందుగా భావించడం మన తెరమీద నవ్వు పుట్టించే మామూలు విషయం. గురజాడ ‘కన్యాశుల్కం’లోనూ మనం పెళ్ళి బేరాన్ని చూసి నవ్వుతాం. అయితే ఆ నవ్వు కాసేపటికి గొంతుకడ్డం పడుతుంది, బేరమాడేవాడి మొహం మనకు తెలిసిన మొహంలా కనిపించడం మొదలుపెడుతుంది. ‘పెళ్ళి చూపులు’లో నవ్వు అక్కడిదాకా వెళ్ళదు. తండ్రులిద్దరూ మంచివాళ్ళే, కాస్త చాదస్తులు, అంతే. ‘మా ఇంట్లోలాగే’ అన్న ప్రేక్షకుడికి ఊరట కలిగించింది ఈ క్షమాపణే కావచ్చు.

చిత్రకు మాత్రం దర్శకుడు న్యాయం చేశాడు. ఆహారం అమ్మే ట్రక్కు ఆలోచన ఆమెది, నడిపించే బుర్ర ఆమెది, ప్రశాంత్ ఆమె దగ్గర వంటవాడు. ఈ అమరికను ఆడవాళ్ళు గుర్తించి మెచ్చుకున్నారు. తెలుగు తెరమీద హీరోయిన్ యజమాని, హీరో వంటమనిషి కావడం చిన్న మార్పేమీ కాదు. ఐతే ఆ ట్రక్కులో గిన్నెలు ఎవరు తోముతున్నారు, కూరగాయలు తెల్లవారుజామున ఎవరు మోసుకొచ్చారు అని అడిగితే సినిమా మొహం తిప్పుకుంటుంది. హైదరాబాదు రోడ్లపక్క ఇడ్లీ, మిర్చి బజ్జీ బండ్లతో బతికే వేలమందికి వంట ‘అభిరుచి’ కాదు. వాళ్ళూ ఈ సినిమా చూసే ఉంటారు. వాళ్ళ అభిప్రాయాన్ని మాత్రం ఎవరూ అడిగి రాయలేదు.

ఈ కథ మలయాళంలో ‘విజయ్ సూపరుమ్ పౌర్ణమియుమ్’గా 2019లో, తమిళంలో ‘ఓ మణపెణ్ణే’గా 2021లో వచ్చింది. వాటికి ముందే, 2018లో, హిందీలో ‘మిత్రోఁ’ పేరుతో గుజరాతీ కుటుంబాలకు మారింది. ‘మా ఇంట్లో’ అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకున్న ఇల్లు మూడు భాషల్లోకి ఇంత సులువుగా ఎలా వెళ్ళిపోయింది? అది తెలుగు ఇల్లు కావడం కంటే ముందు ఒక తరగతి ఇల్లు. ఇంజనీరింగ్ చదువు, విదేశాల ఆశ, తండ్రి నిట్టూర్పు దేశమంతా ఒకటే అచ్చు.

అలా వెళ్ళలేనిది భాష. ఈ సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన మాటలు కౌశిక్‌వి, అంటే ప్రియదర్శి నోట పలికినవి. 64వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంతోబాటు సంభాషణలకు కూడా తరుణ్ భాస్కర్‌కు బహుమతి వచ్చింది. అందులో కౌశిక్ వాటా చిన్నది కాదు. తెలంగాణ మాటను మన సినిమా దశాబ్దాలపాటు రౌడీకీ జోకర్‌కీ కేటాయించింది. కౌశిక్ మాటల్లో ఆ వెక్కిరింపు లేదు. అతని మాటకు నవ్వేది యాసను చూసి కాదు, అతని తర్కాన్ని చూసి. ప్రత్యేక రాష్ట్రం వచ్చి రెండేళ్ళయిన సమయంలో, ఈ తేడాను తెలంగాణ ప్రేక్షకుడు చెవితోనే పట్టుకున్నాడు. ‘మావోడు మాట్లాడినట్టు మాట్లాడిండు’ అన్నది మిగతా ‘లేదు’లన్నిటికంటే బరువైన అభిప్రాయం, ఎందుకంటే ఇది ఉన్నదాన్ని గురించి చెప్తుంది.

అయినా కౌశిక్ స్నేహితుడే. ప్రేమించేవాళ్ళిద్దరూ మాట్లాడేది అధిక భాగం నగరపు మిశ్రమ భాష. తన షార్ట్ ఫిల్ముకు ‘సైన్మా’ అని జనం నోటి ఉచ్చారణనే పేరుగా పెట్టుకున్న దర్శకుడు కూడా ప్రేమ సన్నివేశంలో ఆ నోటిని పక్కకు జరిపాడు. మరుసటి సంవత్సరం, 2017లో, శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో బాన్సువాడ భానుమతి ఆ భాషలోనే ప్రేమించింది, పోట్లాడింది, అమెరికా వద్దంది. ప్రేక్షకులు ఆమె మాటల్ని ఇళ్ళల్లో అనుకరించారు. ఆమెను ప్రేమించే డాక్టరు మాత్రం ఎప్పటి తెలుగే మాట్లాడాడు.