మూడో ఓటు

వందల సర్వర్లున్న హాలులో ఒక మెషిన్ పోతే ఎవరూ కంగారు పడరు. దాని మీది వర్చువల్ మెషిన్లు (వీఎంలు) పక్కదాని మీద లేస్తాయి, పోయినదాన్ని తీరిగ్గా మారుస్తారు. అసలు చిక్కంతా రెండే సర్వర్లున్న చోట. ఓ మోస్తరు ఆసుపత్రికో, జిల్లా కేంద్రంలోని సహకార బ్యాంకుకో విడిగా స్టోరేజ్ అరే కొనే స్తోమత ఉండదు. అందుకని ఒక్కో సర్వర్‌లోని డిస్కులను ఒక్కో కంట్రోలర్ వీఎంకు అప్పగిస్తాం. ఆ రెండు వీఎంలను మిర్రర్ చేసి, వచ్చిన జాగాను ఐస్కసీ మీద మళ్లీ ఆ సర్వర్లకే స్టోరేజ్‌గా చూపిస్తాం.

ఏ డేటా రాసినా రెండు వైపులా పడాలి. రెండూ 'రాశాను' అన్నాకే అప్లికేషన్‌కు 'అయింది' అని జవాబు వెళ్తుంది. ఒక సర్వర్ మొత్తం కాలిపోయినా చుక్క డేటా పోదు. అమ్మేవాళ్లు ఇంతవరకే చెప్తారు.

రెండు సర్వర్లూ శుభ్రంగా ఉండి, మధ్యలో లింకు మాత్రమే తెగితే? దీని లెక్కలో అది చచ్చింది, దాని లెక్కలో ఇది చచ్చింది. రెండూ ఒకే బిల్లింగ్ వీఎంను లేపుతాయి, రెండూ రాయడం మొదలుపెడతాయి. ఇటు ఒక రోగికి పడిన రసీదు నంబరే అటు ఇంకో రోగికీ పడుతుంది. లింకు తిరిగొచ్చాక ఏది నిజం? రెండూ నిజమే. ఒకటి ఉంచాలంటే రెండోదాన్ని పారేయాలి. దీన్నే మా వాళ్లు స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. డిస్కు పోవడం దీని ముందు ఎంతో నయం.

1988లో బర్క్లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ రెయిడ్ పేపర్ రాసినప్పుడు ఈ బాధ లేదు. డిస్కులు ఎన్నున్నా నిర్ణయం చేసే కంట్రోలర్ ఒకటే. ఆ కంట్రోలరే రెండయ్యాక తగవు తీర్చే మూడోవాడు కావాల్సి వచ్చింది.

"రెండున్నయి కదన్నా, మళ్ల మూడోదెందుకు?" అని మా టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి పిల్లాడూ అడుగుతాడు. మూడోది సర్వర్ కాదు, ఓటు. విట్‌నెస్ అనే చిన్న వీఎం. అందులో డేటా ఉండదు. లింకు తెగినప్పుడు విట్‌నెస్ ఓటు దక్కిన వైపు నడుస్తుంది, దక్కని వైపు స్టోరేజ్ ఆపేసుకుంటుంది.

ఖర్చు కలిసొస్తుందని ఆ విట్‌నెస్‌ను రెండు సర్వర్లలో ఒకదాని మీదే పెట్టేసిన చోట్లు చూశాను. ఆ సర్వర్ పోతే దాని ఓటుతో పాటు విట్‌నెస్ ఓటూ పోతుంది. మిగిలినదానికి మూడింట ఒక్క ఓటే, కాబట్టి ఏ జబ్బూ లేకుండా అదీ ఆగిపోతుంది. ఇంతకంటే ఒక్క సర్వరే కొనుక్కుంటే డబ్బైనా మిగిలేది.

నిజానికి విట్‌నెస్‌ను చాలా దూరంలోనైనా పెట్టుకోవచ్చు. సైట్లు వేరైనప్పుడు డేటా రాసే రెండు వైపుల మధ్య రానూపోనూ 5 మిల్లీసెకన్లు దాటొద్దంటుంది వీఎంవేర్ వీశాన్. విట్‌నెస్‌కైతే 200 దాకా ఇస్తుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ క్లస్టర్‌కు విజయవాడలోని బ్రాంచి ఆఫీసు ఓటు నిక్షేపంగా చెల్లుతుంది.

ఇంకో సంగతి, కరెంటు. మొత్తం ఆగి మళ్లీ వచ్చినప్పుడు కంట్రోలర్ వీఎంలు ముందు లేవాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. డీఎన్ఎస్ సర్వర్ కూడా అదే స్టోరేజ్ మీదుంటే స్టోరేజ్ అడ్రసు చెప్పేవాడు లేక, అడ్రసు తెలియక స్టోరేజ్ దొరక్క, రాత్రంతా జాగారమే. అందుకే ఐస్కసీ సెట్టింగుల్లో పేర్లు కాకుండా ఐపీ అడ్రసులే రాస్తాను. ఏది ముందో ఏది వెనకో కాగితం మీద ప్రింటు తీసి ర్యాక్ తలుపు లోపల అంటిస్తాను.

స్టోరేజ్ నెట్‌వర్క్‌లో జంబో ఫ్రేములు, అంటే పెద్ద ప్యాకెట్లు, పెట్టిన చోట మామూలు పింగ్‌ను నమ్మను. చిన్న ప్యాకెట్ ఎక్కడైనా దూరిపోతుంది. ముక్కలు చేయొద్దని చెప్పి 8972 బైట్లు పంపితే, ఏ స్విచ్‌లో 9000 బైట్ల సైజు పెట్టడం మరిచారో అప్పుడు బయటపడుతుంది.

సిస్టమ్ అప్పజెప్పే రోజు అందరూ పవర్ కేబుల్ పీకి చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు. నేను మధ్య లింకు పీకుతాను. బాగున్న సర్వర్ కళ్లముందే ఆగిపోతుంటే కస్టమర్ మొహం మాడుతుంది. ఏ వైపు ఆగాలో ఆయన చేతే ముందుగా రాయించుకుంటాను కాబట్టి, వాదన ఆ కాగితం దగ్గరే తేలుతుంది.