ప్రతినాయకుని ప్రయోజనం, కథాకాలం: ‘మాస్ ఎఫెక్ట్’ అభిమానుల వాదం - ఒక పరిశీలన

కథలో ప్రతినాయకుడు చేసే పనికి ఒక ప్రయోజనం ఉండాలి. ఆ ప్రయోజనం తెలియవలసిన వేళకు పాఠకునికి తెలియాలి. ఈ రెండు నియమాలూ విమర్శలో తరచుగా ఒకటిగా కలిసిపోతుంటాయి. వీటిని విడదీసి చూపగల ఉదాహరణ ఒకటి కావ్యలోకానికి వెలుపల, వీడియో గేమ్‌ల ప్రపంచంలో దొరుకుతుంది. కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2007, 2010, 2012 సంవత్సరాలలో మూడు భాగాలుగా వెలువరించిన వైజ్ఞానిక కల్పన ‘మాస్ ఎఫెక్ట్’. అందులోని ప్రతినాయకులను గురించి అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ వాదాన్ని కాలక్షేపమని తోసివేయడం తేలిక. కాని ఆక్షేపం, సమాధానం, మళ్లీ ఆక్షేపం అనే దాని నడక వ్యాఖ్యాన గ్రంథాలు చదివినవారికి బాగా పరిచితమైనదే.

కథ స్థూలంగా ఇది. నక్షత్రమండలంలో నాగరికతలు వికసించిన ప్రతిసారీ, దాదాపు 50,000 సంవత్సరాలకొకమారు, రీపర్లనే మహాయంత్రాలు చీకటి అంతరిక్షం నుంచి వచ్చి వాటిని తుడిచిపెడతాయి. నాగరికతలన్నిటికీ రాజధానిగా ఉన్న సిటడెల్ అనే కేంద్రం నిజానికి రీపర్లు పన్నిన ఉచ్చు. వాటి రాకకు అది సింహద్వారం. గత యుగానికి చెందిన ప్రోథియన్ శాస్త్రజ్ఞులు కొందరు ఆ ద్వారం తెరిచే సంకేతాన్ని చెడగొట్టి మరణించారు. అందువల్ల కాపలాగా మిగిలిన సావరిన్ అనే రీపర్, సారెన్ అనే అధికారిని లోబరచుకొని ద్వారం తెరిపించబోతుంది. కథానాయక పాత్ర షెపర్డ్ అడ్డుకోవడంతో మొదటి భాగం ముగుస్తుంది.

ధనంజయుడు దశరూపకంలో ప్రతినాయకునికి చెప్పిన లోభం, ఔద్ధత్యం, మొండితనం, పాపాచరణ, వ్యసనం అనే లక్షణాలలో ఔద్ధత్యం తప్ప మరేదీ సావరిన్‌కు అన్వయించదు. తమ ఉద్దేశం మానవబుద్ధికి అందేది కాదని అది స్వయంగా ప్రకటిస్తుంది. మొదటి భాగంలోని భయానకమంతా ఆ ప్రకటన మీదనే నిలిచింది. కారణం చెప్పకపోవడం అక్కడ లోపం కాదు, రసపోషకం.

అభిమానుల తొలి ఆక్షేపం ప్రయోజనాన్ని గురించి కాక కాలాన్ని గురించి పుట్టింది. మొదటి భాగం కథాకాలం 2183. రీపర్లు భూమిపై విరుచుకుపడే మూడవ భాగం 2186. సింహద్వారం మూసుకుపోయినా మూడేళ్లలో అవి నడిచి వచ్చినట్టే వచ్చాయి. 50,000 ఏళ్లు ఆగగలిగిన జాతికి మూడేళ్లు ఒక లెక్కా? అలాంటప్పుడు సావరిన్ అంత పన్నాగం పన్ని ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు? ఈ ప్రశ్నకు అభిమానులలోనే మరొక వర్గం ఇచ్చిన సమాధానం బలమైనది. సిటడెల్ విలువ వేగంలో లేదు. ఐలోస్ గ్రహంలో విజిల్ అనే ప్రోథియన్ యంత్రం చెప్పే వృత్తాంతం ప్రకారం, సిటడెల్ పడిపోతే పాలకులు తొలిదెబ్బకే నశిస్తారు, జనసంఖ్యల పటాలు శత్రువుకు చిక్కుతాయి, రవాణాజాలం మూతపడి ప్రతి లోకమూ ఒంటరిదవుతుంది. సావరిన్ కోరింది త్వరగా రావడం కాదు, ప్రతిఘటన లేని సంహారం. పాఠంలో ఉన్న ఆధారంతోనే కుదిరిన ఈ సమన్వయం ఏ వ్యాఖ్యాతకైనా గౌరవం తెచ్చేదే.

అయితే ఇదే సమాధానం మూడవ భాగానికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. సిటడెల్ అంత విలువైనదైతే, 2186లో వచ్చిన రీపర్లు మొదట దానినే ఎందుకు పట్టుకోలేదు? చివరికి పట్టుకొని భూమి దగ్గరకు చేర్చాయి గనుక వాటికి శక్తి చాలలేదనడానికి వీలులేదు. దీనికి అభిమానులు చెప్పిన సమాధానాలు ఊహలే తప్ప పాఠాధారం ఉన్నవి కావు.

ప్రయోజనాన్ని గురించిన వాదం 2012 మార్చిలో భగ్గుమంది. చివరి ఘట్టంలో కెటలిస్ట్ అనే చేతన బాలుని రూపంలో ప్రత్యక్షమై, రీపర్లను నడిపేది తానేనని చెబుతుంది. ప్రాణులు తాము సృష్టించిన యంత్రాల చేతిలో సమూలంగా నశించకుండా ఉండేందుకే, పరిణతి చెందిన నాగరికతలను ముందుగానే కోసి భద్రపరుస్తున్నామంటుంది. ఆ వెంటనే షెపర్డ్ ముందు మూడు మార్గాలు పెడుతుంది: రీపర్లను నాశనం చేయడం, వాటిని వశపరచుకోవడం, ప్రాణియంత్రాలను ఏకం చేయడం. అభిమానుల ఆగ్రహాన్ని వార్తాపత్రికలు ముగింపు నచ్చని పిల్లల మారాముగా చూశాయి. అది అన్యాయం. వారి ఆక్షేపం తర్కబద్ధమైనది. అదే భాగంలో క్వేరియన్లకూ, వారు సృష్టించిన గెత్ యంత్రాలకూ మధ్య సంధి కుదర్చడం ఆటగానికి సాధ్యం. అలా కుదిర్చి వచ్చిన ఆటగాని ముందు, ప్రాణులకూ యంత్రాలకూ పొత్తు అసాధ్యమనే వాదాన్ని ఉంచి, ఆ సంధిని ప్రస్తావించే అవకాశం కూడా ఇవ్వకపోవడం ఔచిత్యభంగం. కావ్యంలో నాయకుడు మౌనం వహిస్తే ఆ మౌనం కవిది. ఇక్కడ నాయకుని చేత పలికిస్తూ వచ్చినవాడు ఆటగాడు. నోరు నొక్కినది అతనిదే.

ప్రయోజనమూ కాలమూ కలిసి తెగిపోయే చోటు మరొకటి ఉంది. కెటలిస్ట్ నివాసం సిటడెల్ అయినప్పుడు ద్వారం తెరవడానికి సావరిన్‌కు సారెన్ సాయం దేనికి? మొదటి భాగపు కథ మొత్తాన్ని ఈ ఒక్క ప్రశ్న అనవసరం చేస్తుంది.

సంస్థ చేసిన మరమ్మత్తులు రెండు. 2012 జూన్‌లో ఉచితంగా ఇచ్చిన విస్తృత ముగింపులో మూడు మార్గాలనూ తిరస్కరించే అవకాశం చేరింది. తిరస్కరిస్తే ఈ యుగం నశిస్తుంది. ఆగస్టులో వచ్చిన ‘లెవియథన్’ అనుబంధం, కెటలిస్ట్‌ను సృష్టించిన ఆదిమజాతిని పరిచయం చేసింది. రావణ కుంభకర్ణుల వెనుక జయవిజయుల శాపాన్ని నిలిపిన పురాణపద్ధతి వంటిదే ఇది. కాని శాపకథ రావణుని చర్యకు కొత్త అర్థాన్నిస్తూనే యుద్ధకాండను చెదరనిస్తుంది. లెవియథన్ కథ కారణాన్ని పూడ్చింది గాని సిటడెల్ ప్రశ్నను తాకనేలేదు.

అభిమానులు తమంతట తాము చేసుకున్న మరమ్మత్తు ఇంతకన్న సాహసోపేతమైనది. రీపర్లు సన్నిహితుల మనస్సును క్రమంగా వశం చేసుకుంటాయి; చివరి ఘట్టమంతా షెపర్డ్ మనస్సులో జరిగిన ఆ వశీకరణ యత్నమేనని వారు సిద్ధాంతీకరించారు. బాలుని ఉనికిని మరెవ్వరూ గుర్తించకపోవడం, కలలలో కమ్ముకునే నీడలు, నాశనమార్గం ఎంచుకున్న కొందరికి మాత్రమే చివర షెపర్డ్ ఊపిరి కనిపించడం వారి ఆధారాలు. సంస్థ దీనిని ధ్రువీకరించలేదు. మీమాంసకులు వేదాన్ని అపౌరుషేయమని నమ్మారు గనుక అందులో విరోధం ఉండదనీ, ఏకవాక్యత సాధించడం వ్యాఖ్యాత విధి అనీ భావించారు. ఈ అభిమానులు ఒక వాణిజ్య సంస్థ తయారుచేసిన వస్తువుకు అదే అపౌరుషేయత్వాన్ని కట్టబెట్టారు. వారి నైపుణ్యాన్ని మెచ్చుకోవచ్చు, ఈ ఊహను ఒప్పుకోలేము.

ఎందుకంటే ఈ పాఠానికి కర్తలున్నారు, వారు మారారు. మొదటి భాగానికి ప్రధాన రచయిత డ్రూ కార్పిషిన్. రెండవదానిలో మాక్ వాల్టర్స్ పాలు పంచుకున్నాడు. మూడవదానికి కార్పిషిన్ లేడు. కర్తలు మారడమే దోషమైతే ఆంధ్ర మహాభారతం నిలిచేది కాదు. నన్నయ వదిలిన అరణ్యపర్వశేషాన్ని పూరించి, రాజరాజనరేంద్రుని పేరనే దానిని నడిపిన ఎఱ్ఱనకు ముందు వెనుకల కథ తెలుసు. మాస్ ఎఫెక్ట్ రచయితలు మొదటి భాగాన్ని వెలువరించే నాటికి రీపర్ల ప్రయోజనం వారిలోనే స్థిరపడలేదు. కృష్ణశక్తి విస్తరించి విశ్వం నశించకుండా ఆపడమే రీపర్ల లక్ష్యమనే ఆలోచన ఒకటి ఉండేదని కార్పిషిన్ తర్వాత చెప్పాడు. దాని జాడ రెండవ భాగంలో మిగిలిపోయింది. హేస్ట్రమ్ గ్రహానికి వెలుగిచ్చే నక్షత్రం వయస్సుకు మించి ముసలిదవుతుంటే, టాలీ అనే క్వేరియన్ ప్రాణాలకు తెగించి ఆ వివరాలను సేకరిస్తుంది. ఆ వివరాలతో మూడవ భాగంలో ఎవరికీ పని పడలేదు.